పచ్చ లైటు వెలిగింది, సీసా పేలింది

మొన్నామధ్య అర్ధరాత్రి మా బేస్‌మెంట్లో ఢామ్మని చప్పుడు. దొంగలేమోనని దిగి చూస్తే, పేలింది నేను కాచిన బీరు సీసా. (అమెరికాలో ఇంటి మట్టుకు కాచుకోవడం నేరం కాదు లెండి.) గాజుముక్కలు ఏరుతుంటే ఒళ్ళు జలదరించింది. పగలు మా బుడ్డోడు ఆడుకునేది అక్కడే మరి.

అసలేం జరిగిందంటే, పులిసే ద్రవంలో జానెడైనా లేని ఐస్పిండెల్ అనే సెన్సర్ గొట్టాన్ని తేలేశాను. చక్కెర ఆల్కహాలుగా మారేకొద్దీ ద్రవం సాంద్రత తగ్గి, గొట్టం వాలు మారుతుంది. లోపలున్న యాక్సిలరోమీటర్ ఆ కోణాన్ని కొలుస్తుంది. కోణం నుంచి సాంద్రత లెక్కగట్టేది, ముందుగా చక్కెర నీళ్ళతో మనం కట్టుకున్న ఫార్ములా. అంటే సాంద్రతని ఎవరూ కొలవట్లేదు, అంచనా వేస్తున్నాం, అంతే! గొట్టానికి నురగ అట్టకట్టినా, బుడగలు పట్టుకున్నా అంచనా తప్పుతుంది.

నాకదే అయింది. మూడు రోజులు 1.014 దగ్గర గీత కదల్లేదు. డాష్‌బోర్డు "పూర్తయింది" అని పచ్చ లైటు వేసింది. సీసాల్లో పోసేశాను. పేలాక ఇంకో సీసా తీసి, గ్యాసు పోగొట్టి గాజు హైడ్రోమీటర్ ముంచితే 1.009! సాంద్రత 0.001 తగ్గితే, సుమారుగా బీరు పరిమాణంలో సగమంత కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. మామూలుగా సీసాలో ఉండాల్సింది రెండున్నర రెట్లు. నేను దానిమీద ఇంకో రెండున్నర ఎక్కించి మూత బిగించానన్నమాట.

ఆ డాష్‌బోర్డు రాసిన మహానుభావుడెవరనుకున్నారు? నేనే.

మనవాళ్ళందరం చేసేదిదే. అదే గొట్టంలో ఉండే డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్నే తీసుకోండి. డేటాషీటు ప్రకారం దాని ఖచ్చితత్వం ±0.5 డిగ్రీలు. అంకెల్ని మాత్రం 0.0625 మెట్లలో ఇస్తుంది. రెండూ ఒకటి కాదు. మన స్క్రీన్ మీద మాత్రం దర్జాగా 19.4375! అర డిగ్రీ అటూయిటూ అయ్యేదానికి నాలుగు దశాంశ స్థానాలా? ఇదేం లెక్కండీ?

"ఎర్రర్ బార్లు యూజర్లకి అర్థం కావు" అంటారు. నిన్నటిదాకా నేనూ అన్నాను. సరే, "కదలట్లేదు" అన్న ముక్క ఎవరికి అర్థం కాదు? సెన్సర్‌కి తెలిసింది అదొక్కటే. "పూర్తయింది" అన్నది మన కోడు కల్పించిన కథ.

సెన్సర్లు దండగ అనట్లేదు. నేను ఆఫీసులో ఉండగా పీపా వేడెక్కిపోతే ఫోనుకి చెప్పేది అవే. చెప్పగలిగినంతే వాటిచేత చెప్పిద్దాం అంటున్నాను.

పచ్చ లైటు పీకేశాను. ఇప్పుడు "మూడు రోజులుగా కదలట్లేదు, హైడ్రోమీటర్‌తో చూసుకో" అని వస్తుంది. మా ఆవిడ అది చదివి, "ఇడ్లీపిండి పులిసిందో లేదో రోజూ మూత తీసే కదా చూస్తాను! ఇది తెలియడానికి సీసా పేలాలా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. మీరు రాసిన పచ్చ లైట్లు దేన్ని కొలిచి వెలుగుతున్నాయో ఓసారి చూసుకోండి.