గమకం పోయినది తీగలో కాదు

మన సంఘాల వేదికలపై పిల్లలు ఎలక్ట్రానిక్ కీబోర్డుపై కీర్తన వాయించినప్పుడు పెద్దల విమర్శ తరచుగా ఒకటే: "స్వరాలున్నవి, రాగం లేదు." విమర్శ న్యాయమైనదే. కాని ఆ దోషాన్ని యంత్రంపై మోపడం న్యాయం కాదని నా అభిప్రాయం.

కీబోర్డును, కంప్యూటరును, ధ్వని మాడ్యూల్‌ను కలిపే తీగలో ప్రవహించేది నాదం కాదు, ఆజ్ఞలు. 1983లో వెలువడిన మిడి ప్రమాణమే ఆ ఆజ్ఞల భాష. ఏ మెట్టు నొక్కినదీ, ఎంత బలంగా నొక్కినదీ, ఎప్పుడు విడిచినదీ అది తెలుపుతుంది. నాదాన్ని సృష్టించేది మాడ్యూల్. రసాయన సూత్రం పదార్థం కానట్లే మిడి సందేశం సంగీతం కాదు.

గమకానికి ఆ భాషలో మొదటినుంచీ చోటున్నది. పిచ్ బెండ్ అనే ఆజ్ఞ స్వరాన్ని 16,384 సూక్ష్మ స్థానాలలో జరపగలదు. సాధారణంగా దాని పరిధి మెట్టుకు ఇరువైపులా రెండేసి స్వరస్థానాలు. తోడిలో గాంధారం శుద్ధ రిషభానికీ, శుద్ధ మధ్యమానికీ నడుమ ఊగుతుంది. అవి సాధారణ గాంధారానికి సరిగ్గా రెండేసి స్థానాల దూరంలోనే ఉన్నవి. షడ్జం నుంచి పంచమానికి జారు కావాలంటే ఏడు స్థానాలు అవసరం. చాలా మాడ్యూళ్లలో పరిధిని పన్నెండుకు పెంచుకొనవచ్చును.

చిక్కు ఒకటున్నది. ఈ ఆజ్ఞ ఒక ఛానల్‌లోని స్వరాలన్నింటినీ కలిపి వంచుతుంది. తంబురా అదే ఛానల్‌లో ఉంటే ఆధారశ్రుతే చలిస్తుంది. పదహారు ఛానళ్లుండగా రాగానికొకటి, శ్రుతికొకటి కేటాయిస్తే సరిపోతుంది. 2018లో ఆమోదం పొందిన ఎం.పి.ఇ. విధానం ప్రతి స్వరానికీ వేరు ఛానల్ ఇస్తున్నది.

స్వరాలను వంచలేదన్నది ముఖ్యమైన ఆక్షేపణగా ఆకాశవాణి 1940లో హార్మోనియంను నిషేధించింది; 1971లో గాని సడలించలేదు. హార్మోనియంకు వంచే చక్రం లేదు. మన పిల్లల కీబోర్డులలో అనేకం దానితోనే వస్తున్నవి. దానిపై చేయి వేయమని చెప్పేవారే కరవు. పాలకొల్లులో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ పరాయి వాద్యంపై గమకాలు పలికించినది సాధనతోనే గదా!

కనుక తల్లిదండ్రులకు నా మనవి: మరింత ఖరీదైన మాడ్యూల్ కొనడానికి ముందు బిడ్డ చేత ఆ గాంధారాన్ని గొంతుతో పాడించండి. చెవికి పట్టిన తరువాత ఎడమచేతిని చక్రంపై ఉంచనివ్వండి. సంఘాల నిర్వాహకులు కూడా కీబోర్డు పోటీలలో వేగానికి కాక గమకానికి మార్కులు కేటాయించడం మంచిది.