కొలిమి ముందు నీడ ఎక్కడ?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు అరుదు. ఫోనులో మనం ముందు అడిగేది జీతం పడిందా అనే. పని ఎలాంటి చోటో అడగం. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. మంచి రూలే. కానీ అది ఎండకే. ఫౌండ్రీ కప్పు కింద ఉంటుంది. అక్కడ కరిగిన ఇనుము వేడి 1,300 డిగ్రీల పైమాటే, పొద్దుగూకినా తగ్గదు. చెమటతో ఒంట్లో నీరు, ఉప్పు పోతే కిడ్నీలు దెబ్బతింటాయి. తడి తగిలితే ఆ ఇనుము పేలి మీద పడుతుంది.

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయాన్ని 2024లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. అవసరమే. అయితే అది మనిషి పోయాక వచ్చేది. బతికుండగా కావలసినవి చల్లని నీళ్లు, మధ్యమధ్య విరామం, ముఖానికి అడ్డు, తోలు గ్లౌజులు, బూట్లు. ఏజెంటు ముందు సంతకం పెట్టే రోజునే ఇవి ఇస్తారా అని అడగాలి. మగవాళ్లు మొహమాటపడితే మనమే అడుగుదాం.