ఎవరికో ఒకరికి అక్కరకు రావాలి

పరీక్ష తప్పిన కుర్రాడికి, ర్యాంకు తగ్గిందని గది దాటి రాని అమ్మాయికి మన ఇళ్లలో ముందుగా దొరికే సలహా ‘పాజిటివ్‌గా ఆలోచించు’ అన్నదే. చెప్పేవాళ్ల ప్రేమను శంకించనక్కర్లేదు. కానీ ఆ మాట విన్న పిల్లలకు ఏం చేయాలో తెలియదు, చేతకాలేదన్న బాధ ఇంకొకటి తోడవుతుంది. కెనడాలో జోఆన్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధన దీన్నే చూపించింది. తమ మీద తమకే చిన్నచూపు ఉన్నవాళ్లు ‘నేను ప్రేమించదగ్గ మనిషిని’ అని పదేపదే అనుకుంటే వాళ్ల మనసు కుదుటపడకపోగా మరికాస్త కుంగింది. లోపల నమ్మకం లేని మాటను పైకి వల్లిస్తే మనసే ఎదురు వాదిస్తుంది. అందుకే మంచి ఆలోచన గురించి యువతకు బోధించడం కంటే, ఎవరికైనా అక్కరకు వచ్చే పనిని వాళ్ల చేతికివ్వడం మేలంటాను. మంచి ఆలోచన ఆ పని వెనకాలే వస్తుంది.

దీనికి ఆధారాలున్నాయి. అమెరికాలోని ఒహాయోలో డేవిడ్ క్రెగ్, జెన్నిఫర్ చీవెన్స్ కుంగుబాటు, ఆందోళన లక్షణాలున్న 122 మందిని మూడు జట్లు చేసి ఐదు వారాలు గమనించారు. ఒక జట్టు వారానికి రెండు రోజులు, రోజుకు మూడేసి చొప్పున ఇతరులకు చిన్న చిన్న మేళ్లు చేసింది. రెండో జట్టు నలుగురితో కలిసి గడిపింది. మూడో జట్టు తన చెడు ఆలోచనలను రాసుకుని సరిదిద్దుకునే సాధన చేసింది. మూడు జట్లకూ కొంత ఊరట దొరికింది. కానీ ‘నాకు నలుగురున్నారు’ అన్న భావన ఎక్కువగా పెరిగింది మాత్రం మేలు చేసిన జట్టులోనే. మనసు కుంగిన మనిషి రోజంతా తన గురించే తలపోస్తాడు. ఎదుటివాడి అవసరం కాసేపు ఆ చూపును బయటికి తిప్పుతుంది. ఇవ్వాలంటే డబ్బుండాలి కదా అని సందేహించేవారికి 2008లో ఎలిజబెత్ డన్ బృందం చేసిన ప్రయోగం జవాబు చెబుతుంది. ఐదు డాలర్లు అందుకున్నా ఇరవై అందుకున్నా, తమ మీద కాక ఇతరుల మీద ఖర్చుపెట్టినవాళ్లే సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా కనిపించారు. ఎంత ఇచ్చారన్నది లెక్కలోకి రాలేదు.

ఇలా ఇవ్వడం మన పిల్లలకు మరీ ఎందుకు అవసరమో తెలియాలంటే రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివే పిల్లవాడి దినచర్య చూడాలి. తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి లైట్లార్పేదాకా అన్నీ అతని కోసం ఇతరులు చేసేవే. పొలం తాకట్టు పెట్టయినా నాన్న ఫీజు కడతాడు. మెస్‌లో వండి పెడతారు. నోట్సు లెక్చరర్ ఇస్తాడు. పదహారేళ్ల మనిషి రెండేళ్లపాటు పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం ఎరగడు. ఇంతమందికి తిరిగివ్వడానికి అతని దగ్గరున్నది ఒక్క ర్యాంకే. అది చేజారిన రోజున ‘నేనెవరికీ పనికిరాను’ అన్న మాట అతనికి అబద్ధంలా తోచదు. కాదని చెప్పడానికి అతని అనుభవంలో ఒక్క సాక్ష్యమూ లేదు మరి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత తెలంగాణలో ఇరవై మందికి పైగా పిల్లలను పోగొట్టుకున్నాం. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అన్నిటికీ చదువే కారణమనడం సరికాదు, ఇంటి కలతలు, జబ్బులు, పేదరికం కూడా ఉంటాయి. కానీ తాను ఒకరికి అవసరమని తెలిసిన పిల్లవాడికి ఏ కష్టంలోనైనా పట్టుకోవడానికి ఒక కొమ్మ దొరుకుతుంది.

ఇది వైద్యానికి బదులు కాదు. వారాల తరబడి నిద్రపట్టని, చనిపోవాలనిపిస్తోందని చెప్పే బిడ్డకు కావలసింది డాక్టరు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు రాత్రీ పగలూ పలుకుతుంది, దాన్ని ప్రతి హాస్టల్ నోటీసుబోర్డు మీదా రాయాలి. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు కూడా అమలు కావాలి. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో కౌన్సెలర్ లాంటి నిపుణులు ఉండాలని, వీలైనంతవరకు మార్కులను బట్టి పిల్లలను బ్యాచులుగా విడగొట్టొద్దని కోర్టు చెప్పింది. నేను చెబుతున్నది వీటికి తోడుగా నిలిచే పని గురించి.

అయితే దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. మన ఇళ్లలో ఆడపిల్లలు అంట్లు తోముతూ, తమ్ముళ్లను చూసుకుంటూ ఇప్పటికే ఇస్తూనే ఉన్నారు కదా, వాళ్ల మనసులు తేలికగా ఉన్నాయా? లేవు. ఎందుకంటే అందులో వాళ్ల ఇష్టానికి చోటు లేదు. ఇష్టపడి చేసిన సాయమే చేసినవారికి హాయినిస్తుందని, ఒత్తిడితో చేసినది ఇవ్వదని నెట్టా వైన్‌స్టైన్, రిచర్డ్ రయన్ 2010లోనే చూపించారు. కాబట్టి సేవకు మార్కులు కట్టి తప్పనిసరి చేస్తే అది మరో సబ్జెక్టు అవుతుంది, అంతే. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) మనకుంది. రెండేళ్లలో 240 గంటల సేవ దాని నియమం. ఆ గంటలు సర్టిఫికెట్ కోసం గడిచిపోకూడదంటే ఏ పని చేయాలో పిల్లలనే ఎంచుకోనివ్వాలి. ఒకరు జూనియర్‌కు లెక్క విడమరిచి చెబుతారు. ఒకరు చూపులేని విద్యార్థికి స్క్రైబ్‌గా పరీక్ష రాసిపెడతారు. ఇంకొకరు బ్యాంకులో ముసలమ్మకు ఫారం నింపిపెడతారు. చదువుకే టైం చాలడం లేదనే తల్లిదండ్రులకు చెప్పేదొకటే, ఇందుకు పట్టేది వారానికి ఒక గంట.

ప్రిన్సిపాళ్లకు నా విన్నపం: వచ్చే ఏడాది టైంటేబుల్ వేసేటప్పుడు ఆ గంటను ఖాళీగా ఉంచండి, దాన్ని దేనికి వాడాలో పిల్లలను చెప్పనివ్వండి. అమ్మానాన్నలూ, సెలవులకు ఇంటికొచ్చిన బిడ్డను మార్కులు అడిగేముందు, తాతయ్యను కంటి పరీక్షకు తీసుకెళ్లగలవా అని ఒక్కసారి అడిగి చూడండి.