పుట్టిన తేదీ రోగనిర్ధారణ కాదు

చైనాలో భాషా బోధకులుగా పనిచేయదలచిన విదేశీయులకు 60 ఏళ్ళు దాటితే సాధారణంగా అనుమతి లభించదు. 2017లో అక్కడ దేశమంతటా అమలులోకి వచ్చిన విధానం విదేశీ ఉద్యోగులను ఎ, బి, సి అనే మూడు తరగతులుగా విభజించింది. పాఠశాలల్లో ఇంగ్లీషు వంటి భాషలు బోధించేవారు ఎక్కువగా బి తరగతిలోకి వస్తారు. వారికి డిగ్రీ, రెండేళ్ళ అనుభవం, నేరచరిత్ర లేదన్న ధ్రువపత్రం ఉండాలి. వయసు 60 మించరాదు. ముప్పై ఏళ్ళ బోధనానుభవం ఉన్నవారికి సైతం ఆ పుట్టినరోజుతో తలుపు మూసుకుపోతుంది.

ఇటువంటి పరిమితులను సమర్థించేవారు మొదట చెప్పే కారణం ఆరోగ్యం. ఒక వైద్యుడిగా ఆ వాదనను పరిశీలించవలసిన బాధ్యత నాకున్నదని భావిస్తున్నాను. వయసు రోగాల ముప్పును పెంచుతుందన్నది నిజం. అయితే ముప్పు వేరు, రోగం వేరు. జనసమూహానికి వర్తించే సగటును ఒక వ్యక్తికి తీర్పుగా అంటగట్టడం వైద్యశాస్త్రం అంగీకరించే పద్ధతి కాదు.

ఆ చైనా విధానమే ఈ సంగతిని పరోక్షంగా ఒప్పుకుంటున్నది. అత్యున్నత నిపుణులకు కేటాయించిన ఎ తరగతికి వయోపరిమితి లేదు. స్థానిక సగటు వేతనానికి ఆరు రెట్లు సంపాదించేవారు కూడా ఈ తరగతికి అర్హులే. జీతం పెరిగినంత మాత్రాన రక్తపోటు తగ్గదు; గుండె రక్తనాళాలు శుభ్రపడవు. కాబట్టి ఆ గీత ఆరోగ్యాన్ని చూసి గీసినది కాదని స్పష్టమవుతున్నది. పైగా అక్కడ పనిచేయడానికి వెళ్ళే విదేశీయులకు ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ, రక్తపరీక్షలతో కూడిన వైద్యపరీక్ష ఎలాగూ ఉన్నది. పరీక్షించే ఏర్పాటు చేతిలో ఉండగా, పరీక్ష గది దాకా రానీయకుండానే మనిషిని తిప్పి పంపడంలో ఔచిత్యం ఏమిటి?

వృద్ధాప్యం బోధనపై ప్రభావం చూపదని నేను అనను. వయసుతో వచ్చే వినికిడి లోపం మొదట సన్నని ధ్వనులను మింగేస్తుంది. ‘స’, ‘ష’, ‘ఫ’ వంటి హల్లులు, చిన్నపిల్లల పలుచని గొంతులు సరిగా వినబడవు. ఉచ్చారణను సరిదిద్దవలసిన భాషోపాధ్యాయునికి ఇది చిన్న లోపం కాదు. అయితే దానిని కనిపెట్టడానికి ఆడియోమెట్రీ పరీక్ష ఉన్నది. సరిదిద్దడానికి వినికిడి యంత్రం ఉన్నది. కంటి శుక్లానికి శస్త్రచికిత్స ఉన్నది. ఇక మెదడు సంగతి. అమెరికాలోని సియాటెల్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త వార్నర్ షాయ్ 1956లో ఆరంభించి దశాబ్దాల పాటు కొనసాగించిన అధ్యయనం ఒక ముఖ్య విషయాన్ని చూపింది. వేగంగా గ్రహించే శక్తి ముందుగా తగ్గుతుంది గాని, పదసంపద, భాషాజ్ఞానం అరవైల దాకా బాగా నిలుస్తాయి. వ్యక్తికీ వ్యక్తికీ మధ్య తేడా కూడా చాలా ఎక్కువ. భాష నేర్పడానికి కావలసినది ఆ నిలిచే సంపదే కదా!

మన ప్రభుత్వోద్యోగాలలో చేరేవారికి వైద్యులు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌ను గమనించండి. అందులో వయసు రెండుసార్లు రాయాలి: అభ్యర్థి చెప్పిన వయసు ఒకటి, చూపులకు తోచే వయసు ఒకటి. కాగితం మీది వయసు, శరీరం చెప్పే వయసు ఒకటి కానవసరం లేదని ఆ పాత నమూనాను తయారుచేసినవారికి తెలుసు. మన రాష్ట్రాలే మరో నిదర్శనం. 2014కు ముందు తెలుగువారి ప్రభుత్వోద్యోగులలో ఎక్కువమందికి పదవీ విరమణ వయసు 58. నేడు ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61. కృష్ణ దాటగానే మనిషి శరీరం ఒక ఏడాది ముందుగా అలసిపోతుందా? ఇవి పాలనా నిర్ణయాలు. వైద్య నిర్ణయాలు కావు.

విమాన చోదకులకు వయోపరిమితి లేదా అని కొందరు అడగవచ్చు. అంతర్జాతీయ వాణిజ్య విమానాలకు 65 అనే పరిమితి ఉన్నమాట నిజమే. చోదకుడు హఠాత్తుగా కుప్పకూలితే వందల ప్రాణాలకు ముప్పు. అయినా అక్కడ కూడా 60 దాటినవారిని వెంటనే దించివేయక, ఆరు నెలలకోసారి పరీక్షిస్తూ ఎగరనిస్తారు. నల్లబల్ల ముందు నిలబడే మనిషికి అంతకన్నా కఠినమైన నియమం ఎందుకు?

ఆతిథ్య దేశానికీ తన ఇబ్బందులు ఉంటాయి. వృద్ధులకు వైద్య బీమా ఖరీదైనది. తన పౌరులను 60కి ఇంటికి పంపుతూ విదేశీయులను కొనసాగిస్తే ప్రశ్నలు రాకమానవు. కాని చైనా సైతం తన పురుషుల విరమణ వయసును 2025 జనవరి నుండి క్రమంగా 63కు పెంచుతున్నది. బీమా ఖర్చు, యువత ఉపాధి ముఖ్యమనుకుంటే ఆ మాటే సూటిగా చెప్పాలి, అప్పుడు చర్చించవచ్చు. ఆరోగ్యాన్ని ముసుగుగా వాడరాదు. దక్షిణ కొరియా విదేశీ ఇంగ్లీషు ఉపాధ్యాయులకు హెచ్‌ఐవీ పరీక్ష విధించింది. పాఠం చెబితే హెచ్‌ఐవీ సోకదు. ఒక న్యూజిలాండ్ ఉపాధ్యాయురాలి ఫిర్యాదుపై 2015లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన సంఘం దానిని తప్పుపట్టగా, 2017లో ఆ నియమం రద్దయింది. శాస్త్రం నిలదీస్తే నియమాలు మారతాయనడానికి ఇది దృష్టాంతం.

60 దాటినవారికి వినికిడి, చూపు, గుండె, జ్ఞాపకశక్తి పరీక్షలు ఏటా జరిపి, నెగ్గినవారికి ఒక్కో ఏడాది చొప్పున అనుమతి పొడిగించడం న్యాయమైన మార్గం. పరీక్షలో నెగ్గనివారిని ఆపితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

బోధనకై విదేశాలకు వెళ్ళదలచిన పెద్దలకు నా సూచనలు కొన్ని. రక్తపోటు, మధుమేహం అదుపులో ఉన్నట్లు తెలిపే ఇటీవలి నివేదికలు దగ్గర ఉంచుకోండి. మందుల చీటీలో వ్యాపారనామాలు కాక అసలు పేర్లు రాయించుకోండి. ఇక్కడి మందు అక్కడ అదే పేరుతో దొరకదు. కొన్ని నిద్రమాత్రలు, నొప్పి మందులపై కొన్ని దేశాలలో ఆంక్షలు ఉన్నాయి గనుక ముందే విచారించండి. పాత జబ్బులకు బీమా వర్తిస్తుందో లేదో ఒప్పందం చదివి తెలుసుకోండి. వినికిడి పరీక్షను మాత్రం వాయిదా వేయకండి. వయసును అడ్డుగా చూపేవారికి సంజాయిషీ చెప్పడం కన్నా, శక్తిని రుజువుచేసే కాగితం ముందుంచడం మేలు.