మా చేతి పూసలకు ధర మేమే కడతాం

ఏ విషయాన్నయినా వరుస తప్పకుండా, ఒక్కటీ వదలకుండా చెబితే "పూసగుచ్చినట్టు చెప్పావు" అని పెద్దలు మెచ్చుకుంటారు. పూస గుచ్చడం అంటే ఎంతో ఓపిక, క్రమం కావలసిన పని అని మన భాషే ఒప్పుకుంది. అదే పని మన హాస్టల్ వరండాలో ఆదివారం మధ్యాహ్నం నలుగురు ఆడపిల్లలం కూర్చుని చేస్తుంటే మాత్రం రెండు రకాల మాటలు వినవలసి వస్తోంది. ఒకటి: "చదువుకోమని పంపిస్తే ఈ పూసలూ గాజులూ ఏమిటి?" రెండోది: "ఇదే మంచిది, మీకు చేతిపని వస్తే చాలు, ఎక్కడైనా బతికేస్తారు." మొదటి మాట కోపంతో వచ్చేది. రెండో మాట ప్రేమతో వచ్చేది. మా దృష్టిలో రెండోదే ఎక్కువ ప్రమాదం. ఎందుకో ఈ వార్షికోత్సవ సంచికలో అక్కలతో, చెల్లెళ్ళతో మనసు విప్పి చెప్పాలనుకుంటున్నాం.

ముందు మేము చేసే పని ఏమిటో చెబుతాం. బ్రాస్‌లెట్లు చేస్తాం. ఎలాస్టిక్ దారం, రంగు పూసలు, మధ్యలో వేలాడే చిన్న చిన్న బొమ్మలు. ఆ బొమ్మలనే బజారులో చార్మ్‌లు అంటారు. నక్షత్రం, పుస్తకం, పిచ్చుక, తాళంచెవి, ఇలా ఎన్నో ఉంటాయి. సెలవులకు ఊరికి వెళ్ళినవాళ్ళు హైదరాబాద్ బేగంబజార్ నుంచో, విజయవాడ వన్‌టౌన్ నుంచో ప్యాకెట్లు తెస్తారు. డబ్బులు లేనప్పుడు పాత నోటుపుస్తకాలే మా గని. కాగితాన్ని పొడవాటి త్రికోణంగా కత్తిరించి, వెడల్పు వైపు నుంచి రీఫిల్ మీద చుట్టి, చివర గమ్ము రాసి లాగేస్తే మధ్యలో లావుగా, అంచుల్లో సన్నగా ఉండే పూస తయారవుతుంది. దానిమీద వార్నిష్ పూస్తే చెమటకు తడిసినా త్వరగా పాడవదు. పోయిన ఏడాది లెక్కల పుస్తకం ఈ ఏడాది చేతికి అలంకారం అవుతుంది.

ఫ్రెండ్‌షిప్ డే వస్తే అక్షరాల పూసలకు గిరాకీ ఎక్కువ. మాకు దొరికే ప్యాకెట్లలో అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. 'స్వప్న' అని రాయాలంటే ఆరు పూసలు కావాలి. తెలుగులో అయితే రెండే చాలు! అందుకే మట్టితో బిళ్ళలు చేసి, ఎండబెట్టి, కాల్చి, వాటిమీద తెలుగులోనే పేర్లు రాసుకుంటున్నాం. మన పేరు మన లిపిలో చేతిమీద ఉంటే కలిగే ఆనందం కొన్న పూసలో లేదు.

ఇక "చదువుకు అడ్డం" అనే మాటకు జవాబు. పదో తరగతి చదివే చెల్లెళ్ళు ఈ లెక్క చేసి చూడాలి. మణికట్టు చుట్టుకొలత 6 అంగుళాలు, అంటే దాదాపు 152 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల పూసలు 19 గుచ్చితే సరిగ్గా 152 అవుతుంది. కానీ వేసుకుని చూస్తే చేయి నొక్కుకుపోతుంది. ఎందుకు? దారం పూస మధ్యలోంచి పోతుంది, చేతిని తాకేది పూస లోపలి అంచు. దారం గీసే వృత్తానికి వ్యాసార్థం సగం పూస, అంటే 4 మిల్లీమీటర్లు ఎక్కువ. చుట్టుకొలతలో తేడా 2 × 3.14 × 4, అంటే దాదాపు 25 మిల్లీమీటర్లు. అది మూడు పూసల పొడవు. కాబట్టి 22 పూసలు కావాలి. 4 మిల్లీమీటర్ల చిన్న పూసలతో చేసినా అదనంగా కావలసినవి మూడే. పూస ఏ సైజుదైనా మూడే! ఎందుకంటే ఆ మూడు దాదాపు 'పై' విలువే. తరగతిలో బల్ల మీద కూర్చుని బట్టీపట్టిన 'పై' మా వేళ్ళ మధ్యకు వచ్చి కూర్చుంది. దీన్ని చదువుకు అడ్డం అనగలమా?

చరిత్ర కూడా పూసల్లోనే ఉంది. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940లలో జరిగిన తవ్వకాల్లో శాతవాహనుల కాలపు పట్టణం బయటపడింది. నాణేలతో పాటు రకరకాల పూసలు అక్కడ దొరికాయి. రాజుల పేర్లు నాణేల మీద ఉన్నాయి. పూసలు చేసినవారి పేర్లు ఎక్కడా లేవు. తిరుపతి జిల్లాలో పాపానాయుడుపేట అనే ఊరుంది. ప్రపంచమంతటా పూసల చరిత్ర చదివేవాళ్ళకు ఆ ఊరి పేరు తెలుసు. కరిగిన గాజు ముద్దను ఇనుప గొట్టానికి పట్టించి, మధ్యలో బోలు ఉండేలా చేసి, కొలిమిలోంచి చేత్తో లాగుతూ సన్నని గొట్టాలుగా తీస్తారు. వాటిని చిన్న ముక్కలుగా కోస్తారు. ముక్కలను బూడిదలో కలిపి వేడి చేస్తూ కలియబెడితే అంచులు నునుపు తేలి పూసలవుతాయి. రంధ్రం మూసుకుపోకుండా, పూసలు ఒకదానికొకటి అంటుకోకుండా బూడిద కాపాడుతుంది. ఇలా గాజును లాగి పూసలు చేసే పద్ధతి పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రెండు వేల ఏళ్ళ నాడే ఉంది. ఆ రకం పూసలు ఓడలెక్కి ఆగ్నేయాసియా దాకా, ఆఫ్రికా తీరం దాకా వెళ్ళాయి. అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ పాపానాయుడుపేట పనివాళ్ళను చూసి, ఆ పాత పద్ధతి ఎలా ఉండేదో ప్రపంచానికి చెప్పాడు. పరిశోధకుడి పేరు పుస్తకాల్లో నిలిచింది. కొలిమి ముందు చెమట కార్చిన చేతుల పేర్లు మనకు తెలియవు.

మన ఊళ్ళలోనూ అంతే. తలమీద గంప, గంపలో పూసలు, సూదులు, పిన్నీసులు, దువ్వెనలు పెట్టుకుని వాడవాడకూ తిరిగిన పూసలవాళ్ళను మన అమ్మమ్మలు ఎరుగుదురు. పసిపిల్ల చేతికి దిష్టిపూసలు కట్టాలన్నా, పెళ్ళికి నల్లపూసలు కావాలన్నా వాళ్ళే దిక్కు. పూస అందరికీ కావలసి వచ్చింది. పూస అమ్మే మనిషికి మాత్రం ఊళ్ళో గౌరవం దక్కలేదు.

ఇక్కడే మేము చెప్పదలచిన అసలు మాట ఉంది. బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో వివరించింది ఇదే. కులం అంటే పనిని పంచుకోవడం మాత్రమే కాదు, పని చేసే మనుషుల మధ్య గోడలు కట్టడం, పుట్టుకతోనే పని నిర్ణయించడం. అనీస్ జంగ్ రాసిన 'లాస్ట్ స్ప్రింగ్' సీబీఎస్ఈ పన్నెండో తరగతి ఇంగ్లీషులో పాఠంగా వచ్చింది. ఫిరోజాబాద్ గాజుల కొలిముల మధ్య పుట్టిన ముకేష్ అనే పిల్లవాడు మోటారు మెకానిక్ కావాలని కలగంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం గాజుల పని తమ రాత అనుకుంటారు. గాజులు అందమైనవే. కానీ వేరే దారి లేక చేసే అందం మెడకు ఉరి అవుతుంది.

ఒక సభకు వచ్చిన పెద్దమనిషి మా బ్రాస్‌లెట్లు చూసి, "డిగ్రీలు చేసి ఏం సాధిస్తారమ్మా, ఇలాంటివి నేర్చుకోండి, మీలాంటి వాళ్ళకు అదే అన్నం పెడుతుంది" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ "మీలాంటి వాళ్ళకు" అన్న మాట దగ్గర మా వేళ్ళు ఆగిపోయాయి. ఇదే బ్రాస్‌లెట్‌ను పెద్ద పట్నంలో పెద్దింటి అమ్మాయి చేస్తే అది హాబీ, కళ, క్రియేటివిటీ. మేము చేస్తే బతుకుతెరువా? ఇంజనీరు కూతురికి పూసలు చదువుతో పాటు దొరికే సంతోషం, కూలివాని కూతురికి మాత్రం చదువుకు బదులు దొరికే పనా? ఈ తేడాను మేము ఒప్పుకోము. మేము పూసలూ గుచ్చుతాం, పాలిటెక్నిక్‌కూ వెళ్తాం, నర్సింగూ చదువుతాం, గ్రూప్స్ కూడా రాస్తాం.

మరోసారి బజారు వ్యాపారి ఒకాయన పూసలు, దారం తనే ఇస్తానని, గుచ్చి ఇస్తే బ్రాస్‌లెట్‌కు ఒక రూపాయి ఇస్తానని కబురు పెట్టాడు. మాలో కొందరికి ఆశ పుట్టింది. ఇంటి నుంచి చేతిఖర్చుకు డబ్బులు రానివాళ్ళకు రూపాయి కూడా రూపాయే కదా! ఆ ఆశను మేము తప్పుపట్టం. అందరం కూర్చుని లెక్క వేశాం. చకచకా చేసినా ఒక్కోదానికి పది నిమిషాలు. గంటకు ఆరు రూపాయలు. పైగా రోజుకు ఇన్ని ఇవ్వాలని షరతు. స్టడీ అవర్ పోతుంది, కళ్ళు పోతాయి. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా అందులో దిగుతారు. 2016 సవరణ తర్వాత బాలకార్మిక చట్టం 14 ఏళ్ళలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదంటోంది. బడి అయ్యాక సొంత ఇంటివాళ్ళకు సాయపడటం వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. వ్యాపారి సరుకు మన ఇంటిపని కాదు. అందుకే వద్దన్నాం.

అయితే అసలు అమ్మకూడదా? అమ్మవచ్చు. కానీ ధర మేము కట్టాలి, లెక్క కట్టి మరీ కట్టాలి. ఉదాహరణకు ఒక బ్రాస్‌లెట్‌కు పూసలు 12 రూపాయలు, చార్మ్ 6 రూపాయలు, దారం, గమ్ము 2 రూపాయలు, మొత్తం 20 అనుకుందాం. కొలత తీసి, రంగులు కుదిర్చి, గుచ్చి, ముడివేసి ముగించడానికి అరగంట. దాన్ని 30 రూపాయలకు ఇచ్చి "పది రూపాయలు లాభం" అనుకుంటాం. అది లాభం కాదు, కూలి. అరగంటకు పది అంటే ఎనిమిది గంటలకు 160 రూపాయలు. 2024-25లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఎండలో మట్టి తవ్విన మన అమ్మకు ఇవ్వాలని ప్రభుత్వం రాసుకున్న కూలి అది. ఆ లెక్కన అరగంటకు 19 రూపాయలు పడుతుంది. అంటే బ్రాస్‌లెట్ ధర 39, చిల్లర లేకుండా 40. అందులో ఇంకా లాభం అన్నది లేనే లేదు. అమ్మ కూలికి తక్కువ కాకుండా మన కూలి లెక్కకట్టడం నేర్చుకుంటే, రేపు ఏ ఉద్యోగంలోనైనా మన శ్రమను ఎవరూ తక్కువకు కొనలేరు.

అమ్మే వస్తువు ఎదుటివారికి హాని చేయకూడదు, అది కూడా మన బాధ్యతే. 2006లో అమెరికాలో నాలుగేళ్ళ బాలుడు బూట్లతో ఉచితంగా వచ్చిన బ్రాస్‌లెట్ చార్మ్‌ను మింగి, అందులోని సీసం వల్ల చనిపోయాడు. మన హాస్టళ్ళలో చిన్న తరగతుల పిల్లలు కూడా ఉంటారు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు లోహపు చార్మ్‌లు వద్దు. చవక లోహంలో నికెల్ ఉంటే కొందరికి చర్మం ఎర్రబడి దురద పెడుతుంది. అలాంటివారికి కాగితం, చెక్క, మట్టి పూసలు మంచివి. గురివింద గింజలు చూడటానికి ముచ్చటగా ఉన్నా వాటిని గుచ్చవద్దు. గింజ లోపల అబ్రిన్ అనే భయంకరమైన విషం ఉంది, రంధ్రం చేస్తే అది బయటపడే దారి మనమే చేసినట్టు. గురివింద తన కింది నలుపును ఎరగకపోవచ్చు, మనం మాత్రం దాని లోపలి విషాన్ని ఎరిగి ఉండాలి. కుంకుడు గింజలు నల్లగా, గట్టిగా, నిగనిగలాడుతూ ఉంటాయి, అవి వాడుకోవచ్చు.

మరొక మాట. ఇది ఆడపిల్లల పని అని ఎవరు రాసిపెట్టారు? బాయ్స్ హాస్టల్ తమ్ముళ్ళు బ్రాస్‌లెట్ వేసుకోవడానికి ముందుంటారు, గుచ్చడానికి సిగ్గుపడతారు. వేసుకునే చేతికి లేని సిగ్గు చేసే చేతికి ఎందుకు?

అందుకే మన హాస్టల్‌కు కొన్ని కట్టుబాట్లు ఉండాలని మా అభిప్రాయం. పూసల పని ఆదివారం, సెలవు రోజుల్లోనే ఉండాలి, స్టడీ అవర్‌లో పూసల డబ్బా మూతపడాలి. పబ్లిక్ పరీక్షల ముందు నెలలో పదో తరగతి, ఇంటర్ వాళ్ళు దాని జోలికి పోకూడదు. బయటి వ్యాపారి ఆర్డర్లు ఎవరూ తీసుకోకూడదు. చిన్న తరగతుల పిల్లలు తమ కోసం, తమ స్నేహితుల కోసం మాత్రమే చేసుకోవాలి. అమ్మిన ప్రతి దానికీ ఖర్చెంత, కూలెంత అని నోటుపుస్తకంలో రాయాలి. చేసినవారి కూలి చేసినవారికే అందాలి.

చివరగా, ఈ హాస్టల్‌లో చదివి టీచర్లుగా, నర్సులుగా, కానిస్టేబుళ్ళుగా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులుగా ఎదిగిన అక్కలకు ఒక విన్నపం. వార్షికోత్సవం రోజు మా స్టాల్ దగ్గరకు రండి. జాలితో కొనవద్దు. "పాపం, హాస్టల్ పిల్లలు" అని 40 రూపాయల దానికి వంద చేతిలో పెట్టవద్దు. "మా చెల్లెళ్ళే కదా, ఇరవైకి ఇవ్వండి" అని బేరమూ ఆడవద్దు. చేతిలోకి తీసుకుని చూడండి. ముడి గట్టిగా ఉందా, రంగు కుదిరిందా, మణికట్టుకు సరిపోయిందా అని పరీక్షించండి. బాగుంటే చెప్పిన ధరకు కొనండి, బాగాలేకపోతే ఏం బాగాలేదో చెప్పండి, సరిచేస్తాం. తర్వాత మా పేరు అడగండి, ఏం చదువుతున్నామో అడగండి, పై చదువుకు ఏ దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో చెప్పండి. మాకు అంతకంటే విలువైన బేరం లేదు.

– మీ చెల్లెళ్ళు,
హాస్టల్ విద్యార్థినులు