బడిలో అన్నం, బడిలో ఆట

2018 నుంచి ఏటా సెప్టెంబరును పోషణ మాసంగా జరుపుతున్నారు. ఆ నెలలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల గోడల మీద తోటకూర, కారెట్, గుడ్డు బొమ్మలు వెలుస్తాయి. తల్లుల్ని పిలిచి కూర్చోబెట్టి, పిల్లలకు పాలు పట్టండి, పళ్ళు పెట్టండి, చిరుతిళ్ళు మాన్పించండి, ఆటలాడించండి అని చెబుతారు. ఆ పూట కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లి అంతా వింటుంది. పాలు మంచివని ఆమెకు తెలియక కాదు గదా!

బీదవాళ్ళకు తిండి గురించి తెలియదు, తెలియజెబితే చాలు అనే ధోరణి పాతదే. దాని వెనక మరో నమ్మకం కూడా దాగి ఉంది. పిల్లల తిండికి జవాబు చెప్పవలసింది తల్లి ఒక్కతే అనేది ఆ నమ్మకం. తండ్రుల్ని ప్రత్యేకించి పిలిచే పోషణ సభలు అరుదు. ప్రభుత్వాన్ని నిలబెట్టి అడిగే సభలు ఇంకా అరుదు. పిల్లల ఆరోగ్యాన్ని ఉపదేశంగా మార్చేస్తే అది ఎవరి బాధ్యతో అడగవలసిన అవసరం తప్పిపోతుంది. అందుకే ఈ సంచికలో దాన్ని హక్కుల ప్రశ్నగా చర్చకు పెడుతున్నాం.

బడిలో అన్నం ఎవరి దయవల్లా రాలేదు. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల పోషకాహార పథకాన్ని ప్రారంభించినప్పుడు చాలా రాష్ట్రాల్లో వండిన అన్నం పెట్టలేదు. నెలకు మూడు కిలోల చొప్పున గింజలిచ్చి చేతులు దులుపుకున్నారు. ఆ బియ్యం ఇంటికి వెళ్ళి ఇంటిల్లిపాదికీ పంచబడేది. చివరగా తినేది ఎవరో, తక్కువ తినేది ఎవరో మనకు తెలుసు. 2001 ఏప్రిల్‌లో పౌరహక్కుల ప్రజాసంఘం, పి.యు.సి.ఎల్., సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అదే ఏడాది నవంబరు 28న కోర్టు, కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండే వండిన భోజనాన్ని ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టి తీరాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో పొయ్యి వెలిగింది. 2013 ఆహార భద్రతా చట్టం దీన్ని చట్టబద్ధమైన హక్కుగా మార్చింది. బడిలో అన్నం పెడితే ఆడపిల్లకు కలిగే మేలు ఒకటుంది. ఆ పళ్ళెం ఆమెదే. అన్నకో తమ్ముడికో పెట్టాక మిగిలింది కాదు.

ఇక ఆ పళ్ళెంలో ఏముందో చూద్దాం. ప్రాథమిక తరగతుల పిల్లలకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అన్నది 2006లో పెట్టిన ప్రమాణం. దీనికోసం ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అని లెక్క కట్టారు. ఇందులో దాదాపు 350 కేలరీలు బియ్యం నుంచే వస్తాయి. మాంసకృత్తుల్లో సగానికి పైగా కూడా బియ్యానివే. అంటే కాగితం మీద లెక్క సరిపోతుంది గాని కడుపులో పడేది ముఖ్యంగా తెల్లన్నం, దాని మీద పలచటి పప్పుచారు. నూరుగురు పిల్లలున్న బడిలో రోజుకు రెండు కిలోల పప్పు, ఐదు కిలోల కూరగాయలు పొయ్యి ఎక్కాలి. ఎక్కుతున్నాయా? బియ్యం గోదాము నుంచి వస్తాయి. పప్పూ కూరగాయలూ వంటమనిషి కొట్లో అరువు తెచ్చి వండుతుంది. బిల్లు నెలల తరబడి రాకపోతే పప్పు పలచబడక ఏమవుతుంది?

అందుకే గుడ్డు విషయంలో మేం పట్టుబడతాం. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మేలిరకం మాంసకృత్తులుంటాయి. నీళ్ళు కలిపి పెంచడానికి వీల్లేదు, లెక్కపెట్టి పంచవలసిందే. పోషణ గుణం ఎలా ఉన్నా, తనిఖీకి ఇంతకంటే నిజాయితీ గల తిండి లేదు! ఆంధ్రప్రదేశ్‌లో వారానికి ఐదు, తెలంగాణలో మూడు అన్నవి ప్రభుత్వాలు తీసుకున్న నిర్ణయాలే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి పల్లీ చిక్కీ, 2023 నుంచి రాగి జావ చేర్చారు. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. మన పల్లెల్లో అంబలి తాగడం పేదరికపు గుర్తు అనిపించి మానేశాం. పిల్లలు బడి ద్వారా దాని దగ్గరికి తిరిగి రావడం మంచిదే. ఎవరు మొదలుపెట్టిన పథకమైనా మంచిని మంచి అనాలి.

పేర్ల సంగతి మాత్రం చెప్పక తప్పదు. మధ్యాహ్న భోజనానికి ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మారుతోంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీనికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. కోనసీమలోని లంకల గన్నవరంలో, 1909లో చనిపోయే వరకు, వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన స్త్రీ ఆమె. ఒక స్త్రీ పేరు పెట్టినందుకు సంతోషమే. కాని అదే పథకంలో ఇవాళ అన్నం వండుతున్న స్త్రీల సంగతేమిటి? అన్నపూర్ణ అని పొగిడే సమాజం ఆ అన్నం వండిన చేతికి జీతం ఇవ్వడానికి జంకుతుంది. అందుకే దానికి గౌరవ వేతనం అని పేరు. 2009 డిసెంబరు నుంచి కేంద్రం ఖరారు చేసింది నెలకు వెయ్యి రూపాయలు, అదీ ఏడాదిలో పది నెలలకే. తర్వాత రెండు తెలుగు రాష్ట్రాలూ తమ వంతు కలిపి మూడు వేలకు పెంచాయి. అంటే రోజుకు సుమారు వంద. 2024-25లో ఉపాధి హామీ పథకం కింద రోజు కూలి 300 రూపాయలు. వంటపని రోజంతా ఉండదు గదా అని వాదించేవాళ్ళు, కట్టెల పొగలో నూరుగురికి వండి, వడ్డించి, గిన్నెలు తోమి, మళ్ళీ రేపటి సరుకు కోసం కొట్టువాడి ముందు నిలబడడాన్ని ఒక్కరోజు చేసి చూడాలి.

వీళ్ళలో చాలామంది డ్వాక్రా సంఘాల స్త్రీలు, ఒంటరి స్త్రీలు, దళిత స్త్రీలు. వంటమనుషుల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు చెప్పింది. దళిత స్త్రీ వండిందని తమ పిల్లల్ని తిననివ్వని పెద్దలు ఈనాటికీ ఉన్నారు. అలాంటి చోట ఆమెను మార్చి గొడవ సర్దేయడం అధికారులకు తేలిక. అది సర్దుబాటు కాదు, అంటరానితనానికి బడిలో పీట వెయ్యడం. పిల్లలు పక్కపక్కన కూర్చుని ఒకే చేతివంట తినడం కూడా ఆరోగ్యమే.

ఇక ఆట. ఇక్కడ చట్టంలోనే ఖాళీ ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, ఆటవస్తువులు ఉండాలంటుంది. కాని వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలన్నది ఆరు నుంచి ఎనిమిది తరగతులకు, అదీ నూరుమందికి పైగా పిల్లలుంటేనే. ఒకటి నుంచి ఐదు వరకు ఆ ఊసే లేదు. ఒకరో ఇద్దరో టీచర్లుండే బడిలో ఆటల పీరియడ్ అంటే పిల్లల్ని బయటికి వదలడం. వదిలాక జరిగేదేమిటి? ఖాళీ స్థలమంతా మగపిల్లల క్రికెట్‌కి పోతుంది. ఆడపిల్లలు చెట్టు కింద కూర్చుంటారు, లేదా వరండా ఊడుస్తారు, లేదా చంకన ఎత్తుకొచ్చిన చెల్లెల్ని ఆడిస్తారు. మూల మిగిలితే తొక్కుడుబిళ్ళ. అది తక్కువ ఆటేమీ కాదు, ఒంటికాలి మీద గెంతడం మంచి వ్యాయామమే. మైదానంలో వాళ్ళ వాటా ఆ మూలకే ఎందుకు కుదించుకుపోయిందన్నదే ప్రశ్న.

బీదపిల్లలు ఎలాగూ నడుస్తారు, పని చేస్తారు, వేరే వ్యాయామం ఎందుకు అంటారు కొందరు. పని వేరు, ఆట వేరు. నీళ్ళబిందె మొయ్యడం వల్ల ఆడపిల్లకు మెడ నొప్పి వస్తుంది, ఆట రాదు. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్ళు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మన ఆడపిల్లలకు ఆ గంట దొరికేది ప్రాథమిక పాఠశాలలోనే. పెద్దమనిషి అయ్యాక గడపే గీత అవుతుంది. అంతలోపు పరుగెత్తడం, పడడం, లేవడం, గెలవడం ఒంటికి తెలియకపోతే తర్వాత నేర్పేవాళ్ళు లేరు.

పరుగెత్తించే ముందు రక్తం సంగతి కూడా చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. వీళ్ళే ఆ పిల్లల తల్లులు. నాలుగడుగులు వేసి ఆయాసపడే పిల్లను బద్ధకస్తురాలని కసరడం కంటే ఆమెకు వారం వారం ఇవ్వవలసిన గులాబీరంగు ఐరన్ మాత్ర అందిందో లేదో, అన్నం తిన్నాక వేశారో లేదో చూడడం మంచిది. మరుగుదొడ్డి సరిగా లేని బడిలో ఆడపిల్లలు మంచినీళ్ళు తాగడమే మానేస్తారు. వాళ్ళను ఎండలో ఏ ఆట ఆడించగలం?

బడి గేటు దగ్గర వేలాడే ఐదు రూపాయల పాకెట్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉండే సరుకుల్ని బడిలోనూ, గేటు నుంచి యాభై మీటర్లలోనూ అమ్మరాదని 2020లోనే నిబంధన వచ్చింది. దాన్ని కంపెనీల మీద కాక బండి పెట్టుకున్న ముసలమ్మ మీద ప్రయోగించి సరిపెట్టుకోకుండా చూడాలి. ఆమెను పల్లీలు, జామకాయలు, ఉడికించిన శనగలు అమ్ముకోనిస్తే ఎవరికీ నష్టం లేదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది స్త్రీలు ఉండాలి. చాలాచోట్ల ఆ స్త్రీలు వేలిముద్రకో సంతకానికో పరిమితమవుతున్నారు. సంఘాల్లో పనిచేస్తున్న మన సభ్యులు తమ ఊరి కమిటీ తర్వాతి సమావేశానికి తప్పక వెళ్ళాలని కోరుతున్నాం. వెళ్ళి భోజనం రిజిస్టరు తెరిపించండి. గుడ్డు ఎన్ని రోజులు పెట్టారో అడగండి, పిల్లల్నీ అడగండి. వంటమనిషికి చివరిసారి డబ్బు ఎప్పుడొచ్చిందో, కొట్లో ఆమె పేర ఎంత బాకీ ఉందో కనుక్కోండి. ఆటల పీరియడ్‌లో సగం రోజులు మైదానం ఆడపిల్లలకు కేటాయించమని తీర్మానం పెట్టండి. బియ్యం రాలేదనో, గ్యాస్ లేదనో భోజనం ఆపిన రోజులుంటే తేదీలు రాసుకోండి. 2015 నిబంధనల ప్రకారం పెట్టని భోజనానికి ఆహార భద్రతా భత్యం తర్వాతి నెల 15వ తేదీలోగా పిల్లలకు చెల్లించాలి. ఆ తేదీల పట్టికతో మండల విద్యాధికారికి అర్జీ ఇచ్చి, తీసుకున్నట్టు రసీదు అడగండి.