మంచులో దాగిన ఉప్పునీరు



శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఉప్పుమళ్ళు చూచారా? అక్కడ ఎండ నీటిని ఆవిరిచేసి తీసుకుపోతుంది, ఉప్పు మిగులుతుంది. ఉప్పునూ నీటినీ విడదీసే ఈ పనినే ధ్రువాల వద్ద చలి చేస్తుంది. అంటార్కిటికా తీరాన, 2012లో మన దేశం నెలకొల్పిన భారతి కేంద్రం దగ్గర, సముద్రమే గడ్డకడుతుంది. మరి అందులోని ఉప్పు ఏమవుతుంది?

మంచినీరు 0 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పున్న సముద్రపు నీటికి సున్నకు దిగువ 1.8 డిగ్రీల చలి కావాలి. మంచు నీటిని మాత్రమే చేర్చుకుంటుంది, ఉప్పును రానివ్వదు. ఆ ఉప్పు కొంత సముద్రంలోకి జారిపోతుంది. మిగిలినది చిక్కని ఉప్పునీరై, మంచులోని చిన్న చిన్న గదులలో చిక్కుకుంటుంది.

చలి ముదిరితే ఆ గదులు కుంచించుకుపోతాయి. వెచ్చబడితే వాటి గోడలు కరిగి, గదులు పెద్దవై, ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఉప్పు ఎక్కువున్నా గుల్లతనం ఎక్కువే. సున్నకు దిగువ 5 డిగ్రీల వద్ద, వెయ్యి పాళ్ళ మంచులో 5 పాళ్ళు ఉప్పుంటే, నూటికి సుమారు 5 వంతులు ఉప్పునీరే! అంతకంటె వెచ్చనైతే, నీరు మంచుగుండా పారనారంభిస్తుంది. ఆ నీరు తెచ్చే ఆహారంతో సూక్ష్మమైన నాచు మంచులోనే బ్రతుకుతుంది. కాని గుల్లబారిన మంచుకు బలం తక్కువ. మందం ఒక్కటే చూచి అడుగు వేస్తే ప్రాణాపాయం!

ఇంట్లో పెద్దల సహాయంతో పరీక్షించండి. రెండు ప్లాస్టిక్ గిన్నెలలో నీరు పోసి, ఒకదానిలో చెంచాడు ఉప్పు కలపండి. రాత్రంతా ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, ఉదయం రెండింటి మీదా సిరాచుక్క వేయండి. సిరా ఏ గడ్డలోకి దిగింది? ఎందుకు? జవాబు మీరే చెప్పాలి.